ఇంగ్లిష్ పదసంపద, పదకొండవ పాఠం: ‘సారం’ అనే అర్థమిచ్చే మాటలు

గత పాఠంలో తగ్గడం, తరగడం అనే అర్థం గల ఇంగ్లిష్ క్రియలను పరిశీలించాము. ఈ పాఠంలో ఒక విషయంలోని అసలు భాగాన్ని, అంటే తీసివేస్తే ఇక ఆ విషయమే మిగలని భాగాన్ని, సూచించే నామవాచకాలను తీసుకుంటున్నాము. జిస్ట్, క్రక్స్, ఎసెన్స్, కర్నల్, పిథ్ అనే మాటలను నిఘంటువులో వెతికితే దాదాపు అన్నింటి ఎదురుగా ‘సారం’, ‘సారాంశం’, ‘ముఖ్యాంశం’ అనే అర్థాలే కనిపిస్తాయి. హనుమకొండలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లల సారాంశ రచనలను దిద్దేటప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే తప్పు ఇక్కడే పుడుతోంది. అర్థం ఒకటే కదా అని ఒక మాట ఉండవలసిన చోట మరొకటి వేస్తారు. వాక్యం వ్యాకరణానికి లొంగినా భావం పక్కకు జరుగుతుంది.

నిఘంటువు ఇచ్చే అర్థాన్ని బట్టీ పట్టడం కన్నా ఆ మాట పుట్టిన చోట ఉన్న వస్తువును కళ్ల ముందు నిలుపుకోవడం మేలని నా అనుభవం. సారం దొరికే తీరు అన్నింటిలో ఒకటి కాదు. చెరుకు నుంచి రసం పిండాలి, పల్లికాయ నుంచి పప్పు ఒలవాలి, చిక్కుపడిన దారంలో ముడి ఎక్కడుందో వెతకాలి. ఈ పాఠంలోని ప్రతి మాటకూ ఇటువంటి పని ఒకటి వెనుక ఉంది, దానిని గుర్తుపెట్టుకుంటే ఎక్కడ ఏ మాట వాడాలో చాలావరకు తెలిసిపోతుంది.

మొదట ‘జిస్ట్’. ఇది న్యాయస్థానాల నుంచి వచ్చిన మాట. ఇంగ్లండులో ఒకప్పుడు న్యాయవాదులు ఫ్రెంచి పదబంధాలను విరివిగా వాడేవారు. ‘ఈ దావా దీని మీద నిలిచి ఉంది’ అని చెప్పే వాక్యంలో ‘పడి ఉంది, ఆనుకొని ఉంది’ అనే అర్థమిచ్చే క్రియారూపమే ఈ ‘జిస్ట్’. ఫ్రెంచివారి సమాధుల మీద ‘ఇక్కడ శయనించి ఉన్నారు’ అని చెక్కే ‘సీ జీ’ అనే మాటలోనూ ఉన్నది అదే క్రియ. దావాకు ఆధారమైన భాగం అనే అర్థం క్రమంగా విస్తరించి, ఏ మాటకైనా, ఏ వ్యాసానికైనా ముఖ్యమైన భావం అనే అర్థం స్థిరపడింది. మనకు దీనికి సరిసమానమైన మాట బడిలోనే పరిచయమై ఉన్నది: పద్యానికి ప్రతిపదార్థం రాసిన తరువాత రాసే తాత్పర్యం. వివరాలు వదిలి, భావాన్ని సొంత మాటలలో చెప్పడమే తాత్పర్యం. జిస్ట్ కూడా అంతే. అందుకే ఇది విన్న దానికి, చదివిన దానికి మాత్రమే చక్కగా అమరుతుంది. ‘ఐ కుడ్ నాట్ ఫాలో ఎవ్రీ వర్డ్, బట్ ఐ గాట్ ద జిస్ట్ ఆఫ్ హిజ్ స్పీచ్’ అంటే ప్రతి మాటా అందకపోయినా ఉపన్యాసం తాత్పర్యం అందిందని. మనిషికి గాని, పండుకు గాని జిస్ట్ ఉండదు.

‘క్రక్స్’ వద్ద మాత్రం కొంతసేపు ఆగాలి, ఎందుకంటే మన ప్రాంతంలో దీనిని వాడినంత తప్పుగా మరే మాటనూ వాడడం లేదు. ‘ఆ సినిమా క్రక్స్ చెప్పు’ అని అడగడం, అడగగానే కథనంతా క్లుప్తంగా చెప్పడం మనం రోజూ వింటున్నదే. అక్కడ కావలసిన మాట జిస్ట్. లాటిన్ భాషలో క్రక్స్ అంటే శిలువ. పాత గ్రంథాలను పరిష్కరించే పండితులు, ఎంత ప్రయత్నించినా అర్థం తేలక వ్యాఖ్యాతలను హింసపెట్టే చోటును ఈ పేరుతో పిలిచారు. ఆ విధంగా క్రక్స్ అంటే తేలవలసిన చిక్కుముడి. అది విడిపోతే మిగిలినదంతా విడిపోతుంది. కొండలు, బండలు ఎక్కేవారు కూడా ఒక మార్గంలో అన్నిటికన్నా కష్టమైన చోటును క్రక్స్ అనే అంటారు. కష్టం లేని చోట క్రక్స్ లేదు. ‘క్రూషల్’ అనే విశేషణం కూడా ఈ మూలం నుంచి వచ్చినదే. 1620లో ఇంగ్లండు తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ కూడలి దగ్గర దారి చూపే గుర్తుతో పోల్చి, రెండు వాదాలలో ఏది నిలుస్తుందో తేల్చే ఉదాహరణకు ఈ శిలువ పేరు పెట్టాడు. ‘నిర్ణాయకమైన’ అనే అర్థం అక్కడి నుంచి ఏర్పడింది.

ఈ రెండు మాటల తేడాను వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో నిలబడి చూద్దాము. ఒక రైతు పత్తి అమ్ముకొని ఇంటికి వచ్చి, తెల్లవారుజామున బయలుదేరిన దగ్గర నుంచి వరుసగా నిలబడిన బండ్లు, తూకం, చివరికి దక్కిన ధర వరకు గంటసేపు చెప్పాడనుకుందాము. ‘మద్దతు ధర అందలేదు, తక్కువకే అమ్ముకోవలసి వచ్చింది’ అని అతని కొడుకు రెండు ముక్కలలో ఇంగ్లిష్‌లో రాస్తే అది జిస్ట్. అలా ఎందుకు జరిగిందని ఆలోచిస్తే సమాధానం ఒక్క చోట ఆగుతుంది: పత్తిలో తేమ. మద్దతు ధరకు కొనే పద్ధతిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే కొనరు. కనుక ‘మాయిశ్చర్ ఈజ్ ద క్రక్స్ ఆఫ్ ద ప్రాబ్లమ్’ అని రాయాలి. అతని గంట మాటలలో తేమ ప్రస్తావన ఒక్కసారే వచ్చి ఉండవచ్చు. అయినా క్రక్స్ అదే. జిస్ట్ మొత్తాన్ని కుదించి చూపుతుంది, క్రక్స్ మొత్తంలో ఒక బిందువును వేలు పెట్టి చూపుతుంది. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

‘ఎసెన్స్’కు మూలం లాటిన్‌లో ‘ఉండు’ అనే అర్థం గల క్రియ. ఒక వస్తువు ఆ వస్తువుగా ఉండడానికి కారణమైన గుణం ఎసెన్స్. తత్త్వం అనే మన మాటలో ‘తత్’ అంటే అది, ‘త్వం’ అంటే అది అయి ఉండడం. ఇంత దగ్గరగా సరిపోయే జంట దొరకడం అరుదు. వంటింటి సీసాలోని వెనిలా ఎసెన్స్ కూడా ఈ భావం నుంచే వచ్చింది, పదార్థం పోయినా దాని గుణం చుక్కలలో మిగులుతుంది. ‘ఇన్ ఎసెన్స్’ అంటే మూలంలో చూస్తే అని. ‘టైమ్ ఈజ్ ఆఫ్ ది ఎసెన్స్’ అనే వాక్యాన్ని మాత్రం ‘కాలం విలువైనది’ అనే సుభాషితంగా చాలామంది అర్థం చేసుకుంటారు. ఇది ఒప్పందాల భాష. గడువు తప్పితే ఒప్పందమే తప్పినట్లు అని దాని భావం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 55వ సెక్షన్ ఈ విషయానికి సంబంధించినదే. ఆలస్యం పనికిరాదని గట్టిగా చెప్పవలసిన సందర్భంలోనే దీనిని వాడండి.

‘క్వింటెసెన్స్’ అంటే అక్షరాలా ఐదవ తత్త్వం. గ్రీకులు భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగింటితో లోకం ఏర్పడిందని భావించగా, అరిస్టాటిల్ ఆకాశంలోని గ్రహనక్షత్రాలు వీటికి అతీతమైన ఐదవ పదార్థంతో ఏర్పడ్డాయని చెప్పాడు. పంచభూతాలలో ఆకాశాన్ని ఐదవదిగా లెక్కించే మనకు ఇది కొత్తగా తోచదు. మధ్యయుగపు రసవాదులు అటువంటి శుద్ధ సారాన్ని వస్తువుల నుంచి బట్టీలో కాచి తీయవచ్చని నమ్మారు. అక్కడి నుంచి ‘అతి స్వచ్ఛమైన రూపం’ అనే అర్థం వచ్చింది. ‘క్వింటెసెన్షల్’ అనే విశేషణమే నేడు ఎక్కువ వాడుకలో ఉన్నది: కోటలోని శిలాతోరణాన్ని ‘ద క్వింటెసెన్షల్ ఇమేజ్ ఆఫ్ వరంగల్’ అనవచ్చు, ఎందుకంటే ఊరి గుణమంతా ఆ ఒక్క రూపంలో కనిపిస్తుంది. దీనికి దగ్గరి బంధువు ‘ఎపిటమీ’. ఇది గ్రీకు మాట, మొదట సంక్షిప్త గ్రంథమని అర్థం, ఇప్పుడు ఒక గుణానికి నిలువెత్తు నమూనా. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిని ‘ది ఎపిటమీ ఆఫ్ కాకతీయ స్కల్ప్చర్’ అంటే సరిగా ఉంటుంది. చివరి అక్షరాన్ని మింగి ‘ఎపిటోమ్’ అని పలకకూడదు. ఇది నాలుగు అక్షరాల మాట, ఊనిక ‘పి’ మీద.

‘కర్నల్’ అంటే పెంకులో దాగిన పప్పు. మామిడి టెంకలోని జీడి కూడా కర్నలే. ధాన్యపు గింజ అనే అర్థం గల ‘కార్న్’కు ఇది చిన్న రూపం. సైనికాధికారి పేరైన కల్నల్‌ను ఇంగ్లిష్‌వారు సరిగ్గా ఇలాగే పలుకుతారు కనుక వినేటప్పుడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. పెంకు ఎక్కువ, పప్పు తక్కువ అనే భావం ఇందులో ఉండడం వల్ల, పుకారులో కొంచెం నిజం ఉన్నదని చెప్పడానికి ‘ఎ కర్నల్ ఆఫ్ ట్రూత్’ అంటారు. అక్కడ ఎసెన్స్ వేస్తే, పుకారంతా నిజమేనన్న అర్థం వస్తుంది.

‘పిథ్’ వద్ద మన భాషకూ ఇంగ్లిష్‌కూ ఉన్న ఎడం చూడదగినది. మొక్క కాండం నడుమ ఉండే మెత్తని బెండు పిథ్. బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు కట్టే బెండు మనకు తేలికకు గుర్తు, బలానికి కాదు. బలం చెప్పాలంటే మనం మాను నడుమ గట్టిపడిన చేవను తలుస్తాము. ఇంగ్లిష్‌వారు ఆ మెత్తని నడిభాగాన్నే ప్రాణంగా భావించి, బలం, సారం అనే అర్థాలు దానికే ఇచ్చారు. కనుక ‘పిథీ’ అనే విశేషణాన్ని ‘బెండు వంటి’ అని కాక ‘చేవ గల’ అని అనువదించుకోవాలి. ‘అప్పు చేసి పప్పు కూడు’ వంటి సామెత పిథీ: మాటలు తక్కువ, బరువు ఎక్కువ. పొట్టిగా ఉన్నంత మాత్రాన ఏ వాక్యమూ పిథీ కాదు.

‘కోర్’ అంటే నడిమి భాగం, శాస్త్రంలోను కార్యాలయాలలోను నిరభ్యంతరంగా వాడవచ్చు. ‘నబ్’ క్రక్స్‌కు దగ్గరిది, సంభాషణలో వినిపిస్తుంది. ‘మారో’ అంటే మూలుగ. చలి ఎముకల లోపలికి దిగిందని చెప్పే చోట తప్ప ఇప్పటికి మీకు దీని అవసరం రాదు.

ఇక అభ్యాసం. ‘రెండు గ్రామాల మధ్య చెరువు నీటి తగాదాలో అసలు చిక్కు తూము ఎత్తు దగ్గరే ఉంది’, ‘ఆమె ఉత్తరంలోని విషయం క్లుప్తంగా చెప్పాను’, ‘ఆ వదంతిలో కొంత నిజం లేకపోలేదు’, ‘మా నాయనమ్మ ఓర్పుకు నిలువెత్తు రూపం’ అనే నాలుగు వాక్యాలను ఇంగ్లిష్‌లో రాయండి. రాసిన తరువాతే ఇది చదవండి: వరుసగా క్రక్స్, జిస్ట్, కర్నల్, ఎపిటమీ రావాలి. ఈ నాలుగు మాటల తరువాతా ‘ఆఫ్’ తప్పదు. క్రక్స్, జిస్ట్‌ల ముందు ‘ద’ ఉండాలి, కర్నల్ ముందు ‘ఎ’ ఉండాలి. నాలుగవ వాక్యంలో క్వింటెసెన్స్ రాసినవారిది పూర్తిగా తప్పు కాదు గాని, మనిషిని ఒక గుణానికి నమూనాగా చూపేటప్పుడు ఎపిటమీయే సహజం. వచ్చే పాఠంలో దీనికి ఎదురు దిశలో వెళ్లి, పైపూతను, పైమెరుపును సూచించే మాటలను పరిశీలిద్దాము.