డ్రమ్ శ్రుతి: గేజ్ ఎక్కడిదాకా, చెవి ఎక్కణ్ణుంచి

బిగువు కొలిచే గేజ్ ఉంటే కిట్‌లోని డ్రమ్ దానంతటదే శ్రుతిలోకి వస్తుందనుకునేవాళ్లున్నారు. చెవి ఉన్నవాడికి గేజ్ ఎందుకనేవాళ్లూ ఉన్నారు. నిజానికి గేజ్ చూపేది శ్రుతి కాదు. అది ఆనుకున్న చోట స్కిన్ (కర్ర తగిలే పొర) ఎంత బిగువుగా ఉందో మాత్రమే చూపుతుంది. స్కిన్‌ను బిగించే బోల్టులన్నీ సమంగా బిగిశాయా లేదా అన్నది గేజ్‌తో త్వరగా తేలిపోతుంది. డ్రమ్ ఏ స్వరంలో పలకాలి, ఎంతసేపు మోగాలి అన్నది చెవితోనే తేల్చుకోవాలి. అందుకే ముందు గేజ్ పెట్టి సమం చేసుకోండి, ఆ తర్వాత చెవితో ముగించండి.

కొత్త స్కిన్ ఎక్కించే ముందు షెల్ (డ్రమ్ గుల్ల) అంచు చూడండి. అంచు సొట్టపోయి ఉంటే గేజ్ అయినా చెవి అయినా చేయగలిగింది తక్కువ. మన జిల్లాల్లో దీనికి సాధనం ఇంట్లోనే ఉంటుంది. పాలిష్ పట్టిన కడప బండ మీద షెల్‌ను బోర్లించి, లోపల ఫోన్ టార్చి వెలిగించి, గదిలో లైటు ఆర్పండి. అంచు కింద నుంచి వెలుతురు ఎక్కడ బయటికి వస్తోందో గుర్తుపెట్టుకుని షెల్‌ను పావు చుట్టు తిప్పండి. వెలుతురు షెల్‌తో పాటే జరిగితే లోపం షెల్ అంచులో ఉంది. బండ మీద అదే చోట ఉండిపోతే లోపం బండది. షెల్‌ది కాదని తేలాకే ముందుకెళ్లండి.

అంచును పొడిగుడ్డతో తుడవండి. బోల్టుల మరలకు ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. మర తుప్పు పట్టి ఉంటే బోల్టు బిగుసుకున్నట్టు చేతికి అనిపిస్తుంది గానీ స్కిన్ మీద బిగువు రాదు. తిప్పే బలాన్ని కొలిచే కీ (బోల్టులు తిప్పే సాధనం) మోసపోయేది సరిగ్గా ఇక్కడే. స్కిన్ మీద ఆనించి చూసే గేజ్‌కి ఆ ఇబ్బంది లేదు.

ఆరు బోల్టుల 12 అంగుళాల టామ్ (కర్రలతో వాయించే, తీగలు లేని డ్రమ్) తీసుకుందాం. స్కిన్, దాన్ని నొక్కి పట్టే రిమ్ పెట్టి బోల్టులన్నీ వేళ్లతోనే ఇక తిరగనంత వరకూ బిగించండి. ఆ తర్వాత కీతో ఎదురెదురుగా వెళ్లండి: 1, 4, 2, 5, 3, 6. ఒక్కో బోల్టుకు అర చుట్టు చొప్పున రెండు సార్లు. పక్కపక్కనే వరసగా బిగించుకుంటూ పోతే రిమ్ ఒక వైపు వాలి కూర్చుంటుంది. ఇప్పుడు అరచేత్తో స్కిన్ నడిమి మీద గట్టిగా నొక్కండి. అంచు దగ్గర జిగురు చిటపటమంటే భయపడకండి, కొత్త స్కిన్ సర్దుకుంటోందంతే. ముడతలు పోయేదాకా పావు చుట్టు చొప్పున బిగించి, వీలుంటే ఒక రాత్రి అలా వదిలేయండి. కొత్త స్కిన్ కొంత సాగుతుంది. వెంటనే శ్రుతి చేస్తే మర్నాటికి దిగిపోతుంది.

గేజ్ వాడేముందు దాని కొలత సరిచూడాలి. డ్రమ్‌డయల్ అనే గేజ్ అయితే చదునైన గాజు పలక మీద పెట్టినప్పుడు 100 చూపాలి. తర్వాత ప్రతి బోల్టుకు సూటిగా, రిమ్ నుంచి రెండు అంగుళాల లోపలికి, ప్రతిసారీ అదే దూరంలో పెట్టండి. అర అంగుళం అటూ ఇటూ అయినా అంకె మారుతుంది. డ్రమ్‌డయల్ కొలతలో టామ్ పై స్కిన్‌కు 75 నుంచి 80, స్నేర్ (కింద తీగలు ఆనే డ్రమ్) పై స్కిన్‌కు 85 నుంచి 90 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఈ అంకెలు టామా కంపెనీ గేజ్ టెన్షన్ వాచ్‌కి పనికిరావు, దాని కొలమానం వేరు. ఒక చోట అంకె తక్కువ వచ్చిందని ఆ ఒక్క బోల్టునే తిప్పకండి. ఒకదాన్ని బిగిస్తే ఎదుటిదీ పక్కవీ మారతాయి. సగం సరిచేసి, ఎదుటిది చూసి, మళ్లీ వెనక్కి రండి.

అంకెలన్నీ సమమయ్యాక గేజ్ పక్కన పెట్టేయండి. డ్రమ్‌ను మడిచిన దుప్పటి మీద పెడితే కింది స్కిన్ మోగదు. ఒక వేలు పై స్కిన్ నడుమ తేలిగ్గా ఆనించి, రిమ్‌కి అంగుళం లోపల ప్రతి బోల్టు దగ్గరా కర్రతో మెల్లగా తట్టండి. నడుమ కొడితే వచ్చే అసలు స్వరం కంటే ఇది హెచ్చుగానే వినిపిస్తుంది. పోల్చాల్సింది ఒక బోల్టు దగ్గరి స్వరాన్ని ఇంకో బోల్టు దగ్గరి స్వరంతో. ఒక స్వరం పట్టుకుని నోటితో కూనిరాగంలా నిలపండి, మిగతావి దానికి కలపండి. ఎక్కడైనా హెచ్చితే ఆ బోల్టును కావలసిన స్వరం కంటే కిందికి దించి, మళ్లీ పైకి బిగిస్తూ వచ్చి కలపాలి. పైనుంచి దించి అక్కడే ఆపితే మరలో వదులు మిగిలి, నాలుగు పాటలకే స్వరం జారిపోతుంది.

గేజ్‌లో అన్నీ సమంగా ఉన్నా చెవికి ఒక చోట తేడా వినిపిస్తే చెవి మాటే వినండి. రిమ్ వంగి ఉండొచ్చు, షెల్ గుండ్రం తప్పి ఉండొచ్చు, లేదా కర్ర దెబ్బలకు స్కిన్ అక్కడ గుంట పడి ఉండొచ్చు. స్నేర్ కింది వైపు ఇది మామూలే. తీగలు ఆనేందుకు అక్కడ షెల్ అంచును రెండు చోట్ల కాస్త పల్లంగా కోస్తారు. ఆ పల్లాల పక్క బోల్టుల దగ్గర అంకె మిగతావాటితో కలవదు. అక్కడ గేజ్‌ని నమ్మి బిగించుకుంటూ పోతే పలుచని కింది స్కిన్ పాడవుతుంది. స్నేర్ శ్రుతి చేస్తున్నంతసేపూ తీగలు వదులు చేసి ఉంచండి.

తర్వాత కింది స్కిన్. పై స్కిన్ స్వరంతో సమానంగా పెడితే డ్రమ్ అన్నిటికన్నా ఎక్కువసేపు మోగుతుంది. కింది స్కిన్ కొంచెం హెచ్చితే మోత తగ్గి దెబ్బ స్పష్టంగా వస్తుంది. మైకు ముందు వాయించేవాళ్లకు ఇదే మేలు. ఇక టామ్‌ల స్వరాల మధ్య దూరానికి హార్మోనియం దగ్గర పెట్టుకోండి. పెద్ద టామ్‌ను స అనుకుంటే దాని తర్వాతి చిన్నది శుద్ధ మధ్యమం. సైజులు మరీ దగ్గరగా ఉంటే అంతర గాంధారం. ఇది ఏ గేజ్ అంకెలోనూ దొరకదు. ఒకే 78 దగ్గర 10 అంగుళాల టామ్, 14 అంగుళాల టామ్ వేర్వేరు స్వరాలు పలుకుతాయి. స్కిన్ మందం మారినా స్వరం మారుతుంది.

కాలితో వాయించే బేస్ డ్రమ్‌ను గేజ్ కోసం నేల మీద పడుకోబెట్టాలి. ముడతలు పోయాక పావు చుట్టు నుంచి అర చుట్టు, అంతే. ఎక్కువ బిగిస్తే గుండెకు తగిలే దెబ్బ పోతుంది.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. పలక వాద్యాన్ని మంట దగ్గర కాస్తే తోలులో తేమ పోయి స్వరం హెచ్చుతుంది కాబట్టి, డ్రమ్ కిట్‌ని కూడా ఎండలో పెట్టేవాళ్లు కనిపిస్తారు. ప్లాస్టిక్ స్కిన్ దీనికి పూర్తిగా ఎదురు. వేడికి అది సాగి స్వరం దిగుతుంది. కర్నూలులోనో అనంతపురంలోనో మే నెల మధ్యాహ్నం షామియానా కింద శ్రుతి చేసిన టామ్, రాత్రి పదింటికి గాలి చల్లబడేసరికి హెచ్చుతుంది. కిట్‌ని వ్యాన్ నుంచి దించి అరగంట ఆ చోటి గాలికి వదిలేశాకే కీ పట్టండి. కార్యక్రమం మొదలయ్యే ముందు ఇంకోసారి చూడండి.

స్టేజీ దగ్గర జనరేటర్ మోతలో, సౌండ్ చెక్ గోలలో చెవి పనిచేయదు. స్వరాన్ని విని హెర్ట్జ్‌లలో చూపే ట్యూన్‌బాట్ లాంటివీ అక్కడ తడబడతాయి. డయల్ గేజ్ కొన్న డబ్బులు గిట్టుబాటయ్యేది అక్కడే. ఇంట్లో ప్రశాంతంగా చెవితో ముగించాక ప్రతి బోల్టు దగ్గరి అంకెను, పై స్కిన్‌దీ కింది స్కిన్‌దీ వేరువేరుగా, నోట్‌బుక్‌లో రాసుకోండి. సగటు కాదు, బోల్టు బోల్టుకూ విడిగా రాయాలి. చెవితో సరిచేసిన తేడాలు ఆ అంకెల్లోనే ఉంటాయి. ఒకటో బోల్టు ఏదో తెలిసేలా షెల్ మీద చిన్న టేపు ముక్క అంటించండి. ప్రయాణపు కుదుపులకు వదులైన బోల్టులను స్టేజీ మీద ఆ అంకెల దగ్గరికి తెచ్చుకోవచ్చు. స్కిన్ మార్చినప్పుడు పాత అంకెలు కొట్టేసి కొత్తవి రాయండి.