డెల్టాలో పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మదలచినవారికి

అమలాపురం మొదలుకొని పాలకొల్లు, నరసాపురం వరకు గోదావరి పాయలకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో తాళం వేసిన పాత పెంకుటిళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లు కాలం చేశారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు, ఇంటిని చూసుకునేవారు లేరు. అటువంటి ఇంటిని కొని, మరమ్మతు చేయించి, ఏడాదిలోపు అమ్మి నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలన్న ఆలోచన ఆచరణకు వీలైనదే. ఈ ప్రాంతంలో ఆ లాభాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ఇంటి కాగితాలు, ఇంటి చుట్టూ చేరే నీరు.

కాగితాల పరిశీలనను వారసులతో మొదలుపెట్టండి. హిందూ కుటుంబంలో యజమాని వీలునామా రాయకుండా మరణించి ఉంటే, ఇల్లు ఆయన స్వార్జితమైనా సరే, 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు అందులో హక్కు వస్తుంది. పిత్రార్జితమైతే 2005 నాటి సవరణ కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ‘ఆడపిల్లలకు పెళ్లిలోనే ఇచ్చేశామండీ’ అన్న మాట మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది గాని, కట్నమూ పసుపు కుంకుమలూ ఇచ్చినంత మాత్రాన వారి హక్కు పోదు. ఆడపడుచులందరూ అమ్మకపు దస్తావేజులో సంతకం చేయాలి, లేదా అంతకుముందే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి ఇచ్చి ఉండాలి. నేను కొన్న రెండో ఇంటి విషయంలో, అమ్మినవారి అక్కగారి సంతకం తర్వాత తీసుకోవచ్చని వదిలేశాను. ఇల్లు సిద్ధమయ్యాక, కొనడానికి వచ్చినవారి వకీలు ఆ లోపాన్ని మొదటి రోజే పట్టుకున్నారు. ఆమె వాటా లెక్క తేల్చి, సంతకం తెచ్చుకునేసరికి ఏడు నెలలు పట్టింది. నా లాభంలో సగానికి పైగా ఆ ఏడు నెలల వడ్డీకే పోయింది. ఆమె అడిగినది న్యాయమైన వాటా. తప్పు పూర్తిగా నాది.

విదేశాల్లో ఉన్న వారసుడు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించారో లేదో, మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించారో లేదో చూడండి. ఇచ్చినవారు మరణిస్తే ఆ అధికారం రద్దవుతుంది కనుక, రిజిస్ట్రేషన్ రోజున వారితో వీడియో కాల్‌లో మాట్లాడటం మంచిది.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం తీయించాలి. కంప్యూటరులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని పాత పుస్తకాల్లో వెతికించాలి. రిజిస్టరు కాని వీలునామాలు, నోటి మాటగా జరిగిన పంపకాలు ఈసీలో కనిపించవు. అందుచేత లింకు దస్తావేజుల, అంటే ఇల్లు ఇదివరకు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల, అసలు ప్రతులను మీ కళ్లతో చూడాలి; జిరాక్సులే చూపిస్తున్నారంటే అసలువి ఎక్కడో తాకట్టులో ఉండవచ్చు. కాలువ గట్ల మీద, ఏటిగట్ల పక్కన కట్టుకున్న ఇళ్లు చౌకగా వస్తాయి. ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు చూపిస్తారు గాని, అవి స్థలం మీద హక్కును నిరూపించవు. లంక భూములు (గోదావరి మధ్య మేటవేసిన నేలలు), డి పట్టాలు (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు), దేవాలయ భూములు కూడా ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి కనుక, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో చూడకుండా బయానా ఇవ్వకండి.

ఇక నీటి సంగతి. 1986 ఆగస్టు వరదలోనూ, 2022 జులై వరదలోనూ ఈ వీధిలోకి నీరు ఎంతవరకు వచ్చిందో ఎదురింటి పెద్దవారిని అడగండి. బ్రోకరు కంటే వారే నిజం చెబుతారు. వీలైతే పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడండి. చాలా ఊళ్లలో పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడం వల్ల వీధి మట్టం పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డు కంటే దిగువకు చేరింది, మురుగు ఇంట్లోకి మళ్లుతోంది. నేలను ఎత్తుచేస్తే కప్పు ఎత్తు తగ్గిపోతుంది, గుమ్మాలన్నీ మార్చాల్సి వస్తుంది; అటువంటి ఇంటిని స్థలం ధరకు మాత్రమే కొనాలి. దగ్గరలో రొయ్యల చెరువులుంటే బోరు నీటిని నోట్లో పోసుకుని ఉప్పగా ఉందేమో రుచి చూడండి.

ఈ పరీక్షలన్నీ దాటిన ఇల్లు 30 లక్షలకు వచ్చిందనుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే 2.25 లక్షలు. మరమ్మతులకు 6 లక్షలు, మధ్యవర్తికి 30 వేలు, 15 లక్షల అప్పు మీద ఏడాదికి 12 శాతం చొప్పున 1.80 లక్షలు. మొత్తం 40.35 లక్షలు అవుతుంది. 45 లక్షలకు అమ్మి, అమ్మేటప్పుడు కమీషను మరో 45 వేలు ఇస్తే మిగిలేది 4.20 లక్షలు. 42 లక్షలకే అమ్ముడుపోతే 1.23 లక్షలు. ఇది పన్ను కట్టకముందు మాట. 24 నెలలు నిండకుండా అమ్మిన ఇంటి లాభం ఆ సంవత్సరపు ఆదాయంలో కలిసి, మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. కొనేటప్పుడు తక్కువ ధరకు రాయించుకునే అలవాటు చట్టవిరుద్ధం; పైగా, దస్తావేజులో 18 లక్షలే ఉంటే ఆ పైన ఇచ్చిన 12 లక్షలను కూడా పన్ను అధికారి మీ లాభంగానే లెక్కిస్తారు. బయానాతో సహా 20 వేలు, ఆ పైన నగదుగా ఇచ్చిపుచ్చుకోకుండా అంతా బ్యాంకు ద్వారానే నడపండి.

మరమ్మతులో మొదటి ఖర్చు కప్పుకు. దూలం గోడలోకి దిగిన చోట మేకుతో పొడిచి చూడాలి. చెదా కుళ్లూ మొదలయ్యేది సాధారణంగా అక్కడే. సున్నపు గారతో కట్టిన గోడలకు చెమ్మ ఎక్కుతుంటే, దాని మీద సిమెంటు పూసి పుట్టీ పెట్టించకండి. లోపలి తడికి దారి లేక ఉప్పు పేలి, కొన్ని నెలల్లోనే రంగు ఊడివస్తుంది. పాత గార గీకించి మళ్లీ సున్నంతోనే పూయించాలి. మేస్త్రీతో ఒప్పందం రాసుకునేటప్పుడు విప్పిన టేకు కర్ర, తలుపులు ఎవరివో అందులో రాయించండి, ఎందుకంటే వాటి విలువ తక్కువేమీ కాదు. కొత్త వైరింగు, వంటగది, స్నానాల గది తప్పనిసరి. వీధిపోటునూ, మూసుకుపోయిన ఈశాన్యాన్నీ మాత్రం ఏ మరమ్మతూ మార్చలేదు. మీకు నమ్మకం లేకపోయినా కొనేవారికి ఉంటుంది కనుక ఆ మేరకు ముందే ధర తగ్గించి అడగండి.

మాఘ, ఫాల్గుణాల్లో కొని, రోహిణి కార్తె దాటేలోపు కప్పు పని పూర్తిచేస్తే వానలు ఇబ్బంది పెట్టవు. ఆషాఢంలోనూ మూఢంలోనూ కొనేవారు ముందుకు రారు. ఊరు విడిచి వెళ్లినవారంతా సంక్రాంతికి వస్తారు కనుక డిసెంబరు నాటికి ఇంటిని సిద్ధంగా ఉంచండి. లింకు దస్తావేజులు, తాజా ఈసీ, మీ పేరుకు మారిన ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక ఫైలులో పెట్టి, ఇల్లు చూడటానికి వచ్చినవారికి అడగకముందే చేతికివ్వండి.