రచయిత పెరటి చెట్టుతో జ్ఞాపికలు: దుంగ నుంచి రిజిస్టరు దాకా

పేరున్న రచయిత పెరట్లో పనస చెట్టు గాలివానకు పడింది. దాని చెక్కతో చిన్న పెట్టెలు చేయించి అభిమానులకు ఇవ్వాలని ఊరివాళ్ల కోరిక. చక్కటి ఆలోచనే. అయితే రంపం కంటే ముందు నోటుబుక్కు తీయాలి. ఎందుకో ఇంగ్లండులో నాటకకర్త షేక్‌స్పియర్ సొంతూరైన స్ట్రాట్‌ఫర్డ్ చెబుతుంది.

అక్కడ న్యూ ప్లేస్ అనే తన ఇంట్లో షేక్‌స్పియర్ నాటాడని చెప్పుకునే మల్బరీ చెట్టు ఉండేది. ఆ తర్వాత ఇంటి యజమానైన గాస్ట్రెల్ అనే మతాచార్యుడు, చూడవచ్చేవాళ్లతో విసిగి, 1750ల్లో దాన్ని కొట్టించేశాడు. థామస్ షార్ప్ అనే గడియారాల పనివాడు ఆ కలపలో చాలా భాగం కొని పెట్టెలు, గిన్నెలు చెక్కి అమ్మాడు. 1769లో నటుడు గారిక్‌కు ఇచ్చిన నగిషీ పేటిక కూడా ఆ చెక్కదేనన్నారు. అమ్మకాలు పెరిగేకొద్దీ ఒక్క చెట్టుకు ఇంత కలప ఎక్కడిదన్న అనుమానం పుట్టింది. అంతా ఆ చెట్టుదేనని 1799లో షార్ప్ ప్రమాణపత్రం రాసిచ్చినా అనుమానం తీరలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఏ జాతి కలపో తెలుస్తుంది, ఎవరి పెరటిదో తెలియదు. మల్బరీ, పనస ఒకే కుటుంబం చెట్లు. రెండింటి చెక్కా కోసినప్పుడు పసుపుగా ఉండి, వెలుగు తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది.

కాబట్టి చెట్టు పడినచోటే, ఇంటి గోడ కనిపించేలా ఫోటోలు తీయండి. మొదలు నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత తీసి, తేదీతో రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించండి. దుంగలు తరలించే ముందు అటవీశాఖవాళ్లను అడిగి అనుమతి సంగతి తేల్చుకోండి.

2018 అక్టోబరు నాటి తిత్లీ లాంటి తుపాను తర్వాత కూలీలు, రంపాలు సులువుగా దొరకవు. దుంగ తడినేల మీద ఉండిపోతే బూజు, పురుగు పడతాయి. కోత ఆలస్యమైతే కనీసం ఇటుకల మీదికి ఎత్తి, రెండు కోత ముఖాలకూ కరిగించిన మైనం దట్టంగా పూయండి. తేమ కొసల నుంచే వేగంగా పోతుంది, అందుకే చీలికలు అక్కడ మొదలవుతాయి. పనస జిగురు రంపానికి పడితే కిరోసిన్ గుడ్డతో తుడవాలి. చేతులకు ముందే కొబ్బరినూనె రాసుకోవాలి.

ఇక లెక్క. అడుగు వ్యాసం (30 సెం.మీ.), మీటరు పొడవు ఉన్న దుంగలో సుమారు 70 లీటర్ల ఘనపరిమాణం ఉంటుంది. తెల్లచెక్క, నడిమధ్య మెత్తటి భాగం, రంపపు పొట్టు పోగా సగం మిగిలిందనుకుందాం. 15×10×8 సెం.మీ. దిమ్మెలు లెక్కకు 29 వస్తాయి. చీలినవి తీసేస్తే 20 దక్కితే అదృష్టమే. ఆ సంఖ్యను మొదటి రోజే రిజిస్టరులో రాయండి. అంతకు మించి ఒక్కటి కూడా చేయించకండి.

చేవ వాడండి. తెల్లచెక్కను పురుగు ముందుగా తింటుంది. కోసిన దిమ్మెలకు 10 లీటర్ల నీళ్లలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి రెండుసార్లు పూయండి. చేతి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఎండబెట్టడంలో. 8 సెం.మీ. దిమ్మెను అలాగే వదిలేస్తే లోపలి తేమ పోవడానికి ఏళ్లు పడుతుంది, పైగా చీలుతుంది. పచ్చిగా ఉండగానే మూతకు 2 సెం.మీ. పలక కోసి, పెట్టెకూ మూతకూ ఒకే నంబరు వేయండి. పెట్టె లోపల గోడలు 2 సెం.మీ. మందం ఉండేలా తొలిచి, నీడలో, గాలి ఆడేచోట, బద్దల మీద పేర్చండి. ఎండలో పెట్టొద్దు. వారానికోసారి గ్రాముల తక్కెడ మీద తూయండి. వరుసగా నాలుగు వారాలు బరువు మారకపోతే ఎండినట్టే. వర్షాకాలంలో ఈ లెక్క నమ్మొద్దు. వానలు లేని నెలల్లో చూసిందే సరైన లెక్క.

ఆ తర్వాతే గోడల్ని 8 మి.మీ.కు దించి నగిషీ చెక్కించాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగలో తొలిచే పనివాళ్లకు ఈ చెక్క గుణం చేతికి తెలుసు. అక్కడే చేయించడం మేలు. అతుకులు లేకుండా ఒకే దిమ్మెలో తొలిచిన పెట్టెకు జిగురు ఊడే భయం లేదు. మూతకు చుట్టూ 1 మి.మీ. సందు అడగండి. లేకపోతే శ్రావణంలో చెక్క ఉబ్బి మూత బిగుసుకుపోతుంది, లాగితే అంచు విరుగుతుంది.

రంగు వేయొద్దు. తేనెమైనం ఒక పాలు, ఉడికించిన అవిసెనూనె మూడు పాళ్లు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, పలుచగా రుద్దండి. తుడిచిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయొద్దు, వాటంతటవే నిప్పంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి.

అడుగున ఉలితో నంబరు చెక్కించి, లోపల చేతిరాత చీటీ పెట్టండి: చెట్టు, ఇల్లు, పడిన తేదీ, ఇది మొత్తంలో ఎన్నోది. బెరడుతో సహా ఒక బిళ్ళను, రిజిస్టరు నకలును ఊరి గ్రంథాలయంలో ఉంచండి. పెట్టె ఇచ్చేటప్పుడు పుచ్చుకున్నవాళ్ల పేరు, తేదీ నంబరు పక్కనే రాసుకోండి. ఆ పెట్టె చేతులు మారితే చీటీ వెనక కొత్త యజమాని పేరు రాయమని చెప్పండి.