ఇంట్లో మోడల్ రైలుకు పట్టాల ప్లాను వేసుకోవడం ఎలా?

ఇంజను ముందు కొనకండి. పట్టాల సెట్టు అసలే వద్దు. ముందు కావాల్సింది ఒక కొలిచే టేపు, నాలుగు చార్టు కాగితాలు, ఒక పెన్సిలు. సెట్టు కొనేశాక ప్లాను ఆలోచించినవాళ్ల రైలు గుండ్రంగా తిరిగీ తిరిగీ ఆర్నెల్లకు అటకెక్కుతుంది.

1. చోటు: చెన్నై ఫ్లాట్లో దొరికేది మహా అయితే ఒక గోడ వార. గోడకు ఆనించే బల్ల వెడల్పు 75 సెంటీమీటర్లు దాటకూడదు. ఆపైన చెయ్యి అందదు, రైలు పట్టా తప్పేదేమో సరిగ్గా ఆ మూలనే. ఇంకా వెడల్పు కావాలంటే బల్ల కాళ్లకు చక్రాలు బిగించి, బయటికి లాక్కునేలా చేసుకోండి.

2. బల్ల: 12 మి.మీ. ప్లైవుడ్, కింద అడుగున్నరకో అడ్డపట్టీ. చవకని ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసే పలక) తెచ్చారో, అక్టోబరులో మొదలయ్యే వానలకు దాని అంచులు ఉబ్బి పట్టాలు గతుకులవుతాయి.

3. స్కేలు: అసలు రైలులో మీ మోడల్ ఎన్నో వంతో చెప్పేదే స్కేలు. హెచ్‌ఓ అంటే 1:87, రెండు పట్టాల మధ్య 16.5 మి.మీ. ఎన్ స్కేలు 1:160, మధ్య 9 మి.మీ. ఫ్లాటుకు ఎన్ సరైనది. ఎవరైనా హెచ్‌ఓ అని పట్టుబడితే ఈ కింది లెక్క చూపించండి.

4. మలుపు: అందరూ బోల్తా పడేది ఇక్కడే. మలుపు వ్యాసార్థాన్ని తేల్చేది బల్ల కాదు, మీరు నడపబోయే అతి పొడవైన పెట్టె. దాని పొడవుకు కనీసం రెండున్నర రెట్లు వ్యాసార్థం ఉండాలి.

పెరంబూరు ఐసీఎఫ్ (రైలుపెట్టెల కర్మాగారం) పాత తరహా పెట్టెనే తీసుకోండి. అసలు పొడవు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 245 మి.మీ. అంటే వ్యాసార్థం 610 మి.మీ. పైనే ఉండాలి. ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా పొడవాటి పెట్టె) అయితే 270 మి.మీ., దానికి 675 కావాలి. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు వెడల్పు 1220 మి.మీ. అంచులు వదిలితే 560కి మించి వ్యాసార్థం పట్టదు. కప్లింగులు (పెట్టెలను కలిపే కొక్కేలు) పెట్టెకు కాక, దాని కింద తిరిగే చక్రాల ట్రక్కులకే బిగించి ఉంటే ఐసీఎఫ్ ఎలాగో లాక్కొస్తుంది, ఎల్‌హెచ్‌బీ మీద ఆశ వదులుకోండి. అదే ఐసీఎఫ్ ఎన్‌లో 133 మి.మీ. మాత్రమే, 333 చాలు. ఒక పిసరు తగ్గించి 315 వేస్తే 75 సెం.మీ. బల్ల మీదే తిరిగిపోతుంది.

ఇక జంట లైన్లు. మలుపులో పెట్టె నడుము లోపలికి వస్తుంది, కొసలు బయటికి వెళ్తాయి. హెచ్‌ఓలో 560 మి.మీ. మలుపులో ఐసీఎఫ్ నడుము ఆరున్నర, కొస ఏడు మిల్లీమీటర్లు జరుగుతాయి. పెట్టె వెడల్పు 37. మొత్తం యాభై దాటింది కదా! రెండు లైన్ల మధ్యగీతల దూరం 50 మి.మీ. అని తిన్నగా ఉన్నచోట కొలిచి, మలుపులోనూ అదే గీస్తే ఎదురెదురు రైళ్లు రాసుకుంటాయి. మలుపులో 62 ఉంచండి.

తిన్నటి పట్టా నుంచి మలుపులోకి ఒక్కసారిగా దూకనివ్వకండి. తిన్నటి గీతను 10 మి.మీ. బయటికి జరిపి, మలుపు మొదలవ్వాల్సిన చోటుకు అటు 180, ఇటు 180 మి.మీ. తీసుకుని, సన్నని చెక్కబద్దను మెల్లగా వంచి ఆ రెండింటినీ కలుపుతూ గీయండి. ఈ శ్రమ ఎందుకనేవాళ్ల రైలు ప్రతి మలుపు దగ్గరా తుళ్లిపడుతుంది, చూడండి.

ఎడమ మలుపు వెంటనే కుడి మలుపు వస్తే మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు తిన్నటి పట్టా ఉండి తీరాలి. లేకపోతే పక్కపక్క పెట్టెల కొసలు చెరోవైపు తిరిగి, కప్లింగు అడ్డంగా లాగి చక్రం పైకి లేస్తుంది. వెనక్కి నడిపితే మరీను. పాయింటు (ఒక లైను రెండుగా చీలే చోటు) దాటగానే వచ్చే మలుపుకూ ఇదే లెక్క. చాలామంది చక్రాలను తిడతారు, తప్పు గీతది.

5. వంతెన: ఒక లైను మీదుగా ఇంకో లైను దాటించాలని అందరికీ సరదా. హెచ్‌ఓలో 75 మి.మీ. ఎత్తు కావాలి. నూటికి రెండు వాలు దాటితే ఇంజను మొరాయిస్తుంది. అంటే ఎక్కడానికి 3.75 మీటర్లు, దిగడానికి అంతే. ఒక షీటు మీద చుట్టంతా కలిపినా ఆరు మీటర్లే. మానేయండి.

6. కాగితం మీద అసలు కొలత: చార్టులు అతికించి, బల్ల మీద పరిచి, నిజమైన సైజులోనే మధ్యగీతలు గీయండి. మలుపులకు పురికొస వాడొద్దు, సాగుతుంది. చెక్కబద్దకు ఒక కొసన మేకు, రెండో కొసన పెన్సిలు పెట్టండి. ఫోన్ యాప్‌లో గీసింది అందంగానే ఉంటుంది, మోచెయ్యి ఎక్కడ తగులుతుందో మాత్రం చెప్పదు.

7. అతుకులు: మీటరుకో జత కరెంటు తీగలు పట్టాలకు అతికేలా ప్లానులోనే గుర్తు పెట్టుకోండి; తీగలు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. మలుపులో వచ్చే అతుకులకు సోల్డరింగ్ చేయండి, తిన్నగా ఉన్నచోట చేయొద్దు. రెండున్నర మీటర్ల పట్టా 15 డిగ్రీల వేడి పెరిగితే అర మిల్లీమీటరు పైనే సాగుతుంది. డిసెంబరులో సందు లేకుండా బిగిస్తే కత్తిరి ఎండలకు పాములా వంకర తిరుగుతుంది. తిన్నటి అతుకు ప్రతిదాంట్లో ఒక విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి.