అమెరికాలో మనవాడి కాలేజీ టీమ్ ఏ కాన్ఫరెన్స్‌లో ఉందో కనిపెట్టడం ఎలా?

మా మేనల్లుడు వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్‌కి చేరి, మొదటి సెలవులకు వచ్చినప్పుడు నాకో ముదురెరుపు టీషర్ట్ తెచ్చాడు. ఛాతీ మీద కూగర్ (అక్కడి అడవి పిల్లి జాతి జంతువు) తల, కాస్త పరీక్షగా చూస్తే ఆ గీతల్లోనే డబ్ల్యూ, ఎస్, యూ అక్షరాలు కనిపిస్తాయి. అది వేసుకుని ఆర్కే బీచ్‌లో వాకింగ్ చేస్తుంటే ఒకాయన ఆపి, "మా అమ్మాయి యూసీఎల్ఏ అండీ, మనిద్దరిదీ ఒకటే కాన్ఫరెన్స్, ప్యాక్-12" అన్నారు. కాన్ఫరెన్స్ అంటే ఒకదానితో ఒకటి ఆడుకునే కాలేజీల కూటమి. నేనూ తెలిసినట్టు తలూపేశాను. సాయంత్రం ఫోన్‌లో చెబితే వాడు ఒకటే నవ్వు, "అది ఎప్పుడో చెదిరిపోయింది మావయ్యా, మొన్నటిదాకా అందులో మేం ఇద్దరమే మిగిలాం" అని. మీరూ నాలా పప్పులో కాలెయ్యకుండా ఉండాలంటే ఇలా చూసుకోండి.

ముందు కాన్ఫరెన్స్ పేరుని నమ్మడం మానెయ్యండి. బిగ్ టెన్‌లో 18 స్కూళ్లున్నాయి (అక్కడ యూనివర్సిటీలనీ స్కూళ్లనే అంటారు), బిగ్ 12లో 16. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి, నమ్మితే నమ్మండి.

మ్యాప్ కూడా పక్కన పెట్టండి. మన దగ్గర శ్రీకాకుళం కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కిందనుంచి బయటికి వెళ్లాయంటే 2008లో వాళ్లకి ఎచ్చెర్లలో సొంత యూనివర్సిటీ వచ్చింది కాబట్టి, అంటే జిల్లాని బట్టి ప్రభుత్వం మార్చింది. అక్కడ కాన్ఫరెన్స్ అనేది స్కూళ్లు తమంతట తాము కలిసి పెట్టుకున్న కూటమి, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు.

ఇక అసలు చూడాల్సింది, మ్యాచ్‌లు చూపించడానికి టీవీ వాళ్లు కాన్ఫరెన్స్‌కి డబ్బు కట్టే ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందనేది. 1915లో పుట్టిన ప్యాక్-12 ఒప్పందం 2024 వేసవితో అయిపోతుందనగా, అంటే జరిమానా గొడవ లేకుండా బయటపడే వీలున్నప్పుడు, 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కి వెళ్తామని ప్రకటించాయి. లాస్ ఏంజెలెస్ లేని కాన్ఫరెన్స్‌కి టీవీ వాళ్లు ఏం రేటిస్తారు? ఏడాది బేరాలాడి చివరికి యాపిల్ నుంచి స్ట్రీమింగ్ ఆఫర్ తెచ్చారు, ఎంతమంది చందా కడితే అంత అనే పద్ధతిలో. అప్పటికే కొలరాడో బిగ్ 12కి జారుకుంది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు వెళ్లిపోయాయి: ఓరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా సర్దుకున్నాయి. పుల్‌మన్, కోర్వాలిస్ లాంటి చిన్న ఊళ్లలో ఉన్న వాషింగ్టన్ స్టేట్, ఓరెగన్ స్టేట్‌లని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆటలో తీసిపోయి కాదు, అక్కడ టీవీ చూసే జనం తక్కువ, అంతే. నాకైతే ఇదే కడుపు మండే విషయం. కానీ ఆ ఇద్దరూ కోర్టుకెళ్లి, వెళ్లిపోయేవాళ్లకి బోర్డులో పెత్తనం లేకుండా చేసి కాన్ఫరెన్స్‌ని చేతిలో ఉంచుకున్నారు చూడండి, అది భలే పని.

తర్వాత, కాన్ఫరెన్స్‌లో ఎవరున్నారనే జాబితా ఏ ఏడాదిదో చూసుకోండి. ఫుట్‌బాల్‌కి (మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది) కనీసం 8 స్కూళ్లుండాలి కాబట్టి ప్యాక్-12లోకి బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్, టెక్సాస్ స్టేట్‌లని పిలుచుకున్నారు, కొత్త లెక్క 2026 జులై 1 నుంచి. గొంజాగా కూడా ఈ లెక్కలో ఉంది గానీ దానికి ఫుట్‌బాల్ టీమే లేదు, బాస్కెట్‌బాల్‌కి పేరు. అందుకే ఏ ఆట గురించో కూడా అడగండి. నోటర్ డేమ్ మిగతా చాలా ఆటలు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతుంది, ఫుట్‌బాల్ మాత్రం ఎవరితోనూ కలవదు.

మీ పిల్లలు వాలీబాల్ లాంటివి ఆడుతుంటే ప్రయాణాల గురించి తప్పక అడగండి. యూసీఎల్ఏ వాళ్లు ఒక్క మ్యాచ్‌కి బిగ్ టెన్‌లోనే ఉన్న న్యూజెర్సీ రట్గర్స్ యూనివర్సిటీ దాకా పోవాలి, మన వైజాగ్‌కి ఢిల్లీ ఎంత దూరమో దానికి దాదాపు మూడింతలు.

మ్యాచ్ టైమ్ చూసుకోవడం తేలికే. అక్కడ పశ్చిమ తీరంలో శనివారం రాత్రి ఏడున్నర అంటే మనకి ఆదివారం ఉదయం ఎనిమిది, ఇడ్లీ ప్లేటు పట్టుకుని కూర్చోవచ్చు. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆపై వారం నుంచి తొమ్మిదికి.