శ్రీలంక ప్రయాణం మనమే ప్లాన్ చేసుకుందాం – 3వ పాఠం: ముందు నెల, తర్వాతే చోటు

శ్రీలంకలో చూడాలనుకున్న కొండలు, జలపాతాలు, అడవులు, తీరాల పేర్లన్నీ గత పాఠంలో రాసుకున్నాం. ఈసారి ఆ జాబితాలో సగం కొట్టేయడం నేర్చుకుందాం. మనసొప్పదు, నిజమే. కానీ ఈ పని ఇంట్లో కూర్చుని చేయకపోతే, అక్కడికెళ్లాక వాన చేస్తుంది.

చాలామంది "శ్రీలంకకి ఏ సీజన్ మంచిది?" అని అడుగుతారు. ఏడాదిలో చాలా నెలలు ఆ దేశంలో ఒక పక్క వాన కురుస్తుంటే మరో పక్క ఎండ కాస్తుంటుంది. కాబట్టి మనం అడగాల్సింది "నాకు సెలవు దొరికిన నెలలో ఏ పక్క బాగుంటుంది?" అని.

బొమ్మ గీయండి

కాగితం మీద మామిడికాయలా ద్వీపాన్ని గీసి, మధ్యకి కాస్త కిందుగా కొండల గుంపు వేయండి. దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం పిదురుతలాగల (2,524 మీటర్లు) ఇక్కడే ఉంది. ఇప్పుడు ఎడమ కింది మూల నుంచి కొండల మీదికి ఒక బాణం గీసి "మే–సెప్టెంబర్" అని రాయండి. అవి నైరుతి రుతుపవనాలు. కుడి పై మూల నుంచి ఇంకో బాణం గీసి "డిసెంబర్–ఫిబ్రవరి" అని రాయండి. అవి ఈశాన్య రుతుపవనాలు.

బాణం తగిలే పక్క తడుస్తుంది. గాలి కొండలెక్కేటప్పుడే తేమంతా వానగా కురిసిపోతుంది గనక అవతలి పక్క పొడిగా ఉంటుంది. తెలంగాణలో వానలు జూన్‌లో మొదలైతే, నెల్లూరులో అసలు వానలు అక్టోబర్ నుంచే కదా. ఆ తేడా తెలిసినవాళ్లకి ఈ బొమ్మ వెంటనే అర్థమవుతుంది.

మిగిలిన నెలల్లో గాలికి స్థిరమైన దిక్కు ఉండదు. మార్చి, ఏప్రిల్‌లలో పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన వస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో దీనికి బంగాళాఖాతంలోని అల్పపీడనాలు కూడా తోడవుతాయి. దసరా సెలవుల్లో వెళ్దామనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. నన్నడిగితే ఆ ప్రయాణాన్ని సంక్రాంతికి మార్చుకోమంటాను.

మన సెలవులతో కలిపి చూద్దాం

సంక్రాంతి సెలవులకైతే దక్షిణ, పశ్చిమ తీరాలు మంచివి. మిరిస్సా నుంచి పడవలో వెళ్లి నీలి తిమింగలాలను చూసే కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు. శ్రీపాద శిఖరానికి (2,243 మీటర్లు) యాత్రా కాలం డిసెంబర్ పౌర్ణమికి మొదలై వైశాఖ పౌర్ణమితో ముగుస్తుంది. అప్పుడైతే మెట్ల దారి పొడవునా లైట్లు, టీ కొట్లు ఉంటాయి. రాత్రి ఎక్కి సూర్యోదయానికి పైన ఉంటే, కొండ నీడ పడమటి వైపు త్రికోణంలా పరుచుకోవడం చూడొచ్చు. సింహరాజ అడవికి కూడా ఏడాది మొదటి నెలలే మేలు. అయితే అక్కడ ఏ నెలలోనైనా వాన పడొచ్చు, జలగలూ తప్పవు. పొడవాటి సాక్సులు పెట్టుకోండి.

ఆగస్టులో వెళ్లేవాళ్లు తూర్పు వైపు తిరగాలి. ట్రింకోమలీ దగ్గర నిలావేలి తీరానికి ఎదురుగా ఉన్న పిజన్ ఐలాండ్‌లో పగడాల మధ్య ఈదొచ్చు. అక్కడ రెక్కల కొసలు నల్లగా ఉండే చిన్న సొరచేపలు కూడా కనిపిస్తాయి. లోపలికి వస్తే మిన్నేరియా ఉంది. 3వ శతాబ్దంలో మహాసేన రాజు కట్టించిన చెరువది. ఎండలకి నీళ్లు వెనక్కి తగ్గిన చోట లేత గడ్డి మొలుస్తుంది. దాన్ని మేయడానికి చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులు వందల్లో చేరతాయి. అవి ఆ వారం మిన్నేరియాలో ఉన్నాయో, పక్కనున్న కౌడుల్లలో ఉన్నాయో జీపు డ్రైవర్లకి తెలుస్తుంది. టికెట్ కొనకముందే వాళ్లని అడగండి.

జలపాతాలకి మాత్రం లెక్క తిరగబడుతుంది. వాన తగ్గిన వెంటనే వెళ్లాలి. దేశంలోకెల్లా ఎత్తైన బంబరకంద (263 మీటర్లు) ఎండాకాలంలో సన్నటి ధారగా మిగులుతుంది. దియలుమ (220 మీటర్లు) పైనున్న మడుగుల్లో దిగాలంటే మాత్రం వాన లేని రోజే వెళ్లండి. ఎగువన వాన పడితే ప్రవాహం ఒక్కసారిగా పెరిగిపోతుంది.

గంట కూడా చూసుకోవాలి

కొన్ని చోట్లకి నెల ఒక్కటే చూసుకుంటే సరిపోదు. హార్టన్ ప్లెయిన్స్ 2,000 మీటర్లకు పైన ఉన్న గడ్డిమైదానం. దాని దక్షిణపు అంచు ఉన్నట్టుండి తెగిపోయి, 800 మీటర్లకు పైగా లోతున లోయ కనిపిస్తుంది. అదే వరల్డ్స్ ఎండ్. పొద్దెక్కేకొద్దీ కింది నేల వేడెక్కి, తేమగాలి ఆ కొండగోడ వెంట పైకి పాకుతుంది. పైకొచ్చి చల్లబడి పొగమంచవుతుంది. తొమ్మిది, పది దాటాక వెళ్తే తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించకపోవచ్చు.

అందుకే ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి. నువరఎలియాలో బస చేస్తే నాలుగున్నరకే బయల్దేరాలి. గేటుకి ఇంకా దగ్గరున్న ఓహియా ఊళ్లో అయితే ఇంకాస్త నిద్రపోవచ్చు. గేటు దగ్గర సంచులు తనిఖీ చేసి ప్లాస్టిక్ కవర్లు తీసేస్తారు, నీళ్ల సీసా మీది లేబుల్ కూడా పీకేస్తారు. టిఫిన్‌ని డబ్బాలో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. నడక మొత్తం 9 కిలోమీటర్ల చుట్టు. దారి చీలే చోట ముందు వరల్డ్స్ ఎండ్ వైపు వెళ్లండి. బేకర్స్ జలపాతాన్ని తిరుగుదారిలో చూడొచ్చు, మంచు పట్టినా దానికి నష్టం లేదు. లోయ అంచుకి మాత్రం దూరంగా నిలబడండి. అక్కడ జారిపడి ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

అభ్యాసం

మీ జాబితాలో ప్రతి పేరు పక్కన మూడు గడులు గీయండి: ఏ పక్క, ఏ నెలలు, ఏ వేళ. నింపాక ఈ లెక్క చేయండి. ఆగస్టులో వారం సెలవు. ప్లాన్‌లో మిరిస్సా, శ్రీపాద, మిన్నేరియా, పిజన్ ఐలాండ్ ఉన్నాయి. ఏవి కొట్టేస్తారు?

జవాబు: మొదటి రెండూ. మిరిస్సాలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. శ్రీపాద మీద గాలివాన, దారిలో లైట్లు ఉండవు. ఇదే ప్లాన్ జనవరిలో అయితే చివరి రెండూ కొట్టేయాలి.

వచ్చే పాఠంలో, మిగిలిన చోట్లని రైలు దారితో ఎలా కలపాలో చూద్దాం. ఈ జాబితా దగ్గర పెట్టుకోండి.