గేమింగ్ పీసీ కట్టించే ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి

మొదటి గేమింగ్ పీసీ అనగానే డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టేసి, ఎస్‌ఎంపీఎస్ (పీసీలోని భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) మాత్రం కేబినెట్‌తో వచ్చిందే చాలనుకుంటాం. దయచేసి అలా చేయకండి.

పోయిన వేసవిలో విజయనగరంలో మా పిన్ని కొడుక్కి పీసీ కట్టించాం. షాపులో ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలు. చేత్తో పట్టుకుంటే మరీ తేలిగ్గా ఉంది. అనుమానమొచ్చి పక్కన అంటించిన లేబుల్ చూస్తే, +12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లే! 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువగా వాడుకునేది ఈ 12 వోల్టుల లైన్‌నే. మంచి 450 వాట్ల దానిలో ఆ గడిలో 36, 37 ఆంపియర్ల దాకా ఉంటాయి. అప్పటికప్పుడే మార్పించాం. గాలివాన వస్తే కరెంటు పోతూ వస్తూ ఉండే మన ఊళ్లలో దీనికి తోడు చిన్న యూపీఎస్ కూడా ఉండాలని నా గట్టి నమ్మకం.

బడ్జెట్ సరిపోకపోతే కార్డు తర్వాత కొనుక్కోవచ్చు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. అయితే ర్యామ్ 16 జీబీది ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి, గేముల్లో తేడా బాగా తెలుస్తుంది. నాలుగు ర్యామ్ స్లాట్ల మదర్‌బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టాలి. కార్డు కొన్నాక మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకే పెట్టాలి.